ముందు బయటి తెర

తెల్లారి ఆరున్నరకి
కాటా గది తాళం తీస్తే
రాతి పొడి నాకంటే ముందొచ్చి
కుర్చీలో కూచోనుంటది.
చున్నీ కొసతో దాన్ని లేపి
పెట్టె బొత్తాం నొక్కా.
ఫ్యాను దగ్గింది. ఒక బీప్.
నా వైపు తెర నీలంగా కళ్ళు నులుముకుంది.
డ్రైవర్లకి కనబడాలని
కిటికీ అవతలికి తిప్పి పెట్టింది మాత్రం
‘నో సిగ్నల్’ అని మూల మూలకీ తిరిగి తిరిగి
ముసుగు తన్నింది.

చీమకుర్తి నలుపే అది కూడా,
కాకపోతే మెరిసే చుక్క ఒక్కటీ లేని నలుపు.
అట్టాంటి రాయిని
క్వారీలో ఎవరూ బేరమాడరు.

నిన్నటి దాకా కుడి అంచు దాటి
అవతలి తెర మీదకి ఇట్టే పొయ్యే మౌసు బాణం
ఇవాళ గోడకి తల కొట్టుకున్నట్టు ఆగింది.
అటు ఇంకేమీ లేదంటది కంప్యూటరు.
ఉంది గదా, అదుగో,
మూరెడు దూరంలో!

మొదటి లారీ కాటా ఎక్కింది.
ఇనప పలకలు మూలిగినయ్.
క్యాబిన్లోంచి తల బయటికి పెట్టి
జిలానీ ఆ నల్ల తెరని చూశాడు,
తర్వాత నన్ను చూశాడు.
‘నలభై రెండువేల మూడొందల అరవై’ అన్నా.
‘ఎవురు జెప్పారు?’
‘కంప్యూటరు.’
‘నీకు జెప్పింది. నాకు జెప్పలా.’

రెండేళ్ళుగా చీటీలు చింపిస్తున్నా ఇతనికి.
ఒక్కసారైనా ఎక్కువ రాశానా?
గొంతు దాకా వొచ్చింది, మింగేశా.
వెనక మూడు లారీలు హారన్ల మీద చెయ్యి తియ్యటం లేదు.

ఒంగోలుకి ఫోన్ కొడితే ఏడుకొండలు
పళ్ళు తోముకుంటానే చెప్పాడు,
వైరు పీకి మళ్ళీ పెట్టమని.
నీలం తలకాయ, రెండు చెవుల్లా స్క్రూలు,
సెల్ లైటు వేసి సూదులన్నీ లెక్కబెట్టా,
ఏదీ వంగలా.
బోర్డు దాంట్లో పెట్టావా కార్డు దాంట్లోనా అన్నాడు,
కార్డుకే పెట్టా.
అయితే రెండు వైర్లూ అటుదిటు ఇటుదటు మార్చమన్నాడు.

మారిస్తే
జిలానీ వైపు వెలిగింది,
నాది ఆరింది.
కిటికీలోంచి మెడ సాచి అడిగా,
‘ఎంతుందన్నా?’
బీడీ ముట్టించుకున్నాడు మహానుభావుడు.
చెప్పలా.
ఆ ఒక్క నిమిషం
నా కుర్చీ ఎవరిదో కుర్చీ లాగా అనిపించింది.

‘పొద్దున ఏది ముందేశావమ్మే?’
పెట్టె. తర్వాత నా తెర. ఆఖర్న బయటిది.
‘రాత్రి కట్టేశావా దాన్ని?’
కట్టా. కరెంటు బిల్లు చూసి ఓనరు అరిచాడు,
ఎవురూ లేని వేళ అదెందుకు ఎలగాలని.
ఏడుకొండలు పుక్కిలించి ఉమిశాడు.
‘అదీ సంగతి. పెట్టె లేవంగానే
ఎవురెవురున్నారని ఒకసారే పిలుస్తది.
అప్పుడు పలకనోళ్ళని
మళ్ళీ పిలవదు.’

ప్లగ్గు పీకేశా.
వైర్లు మళ్ళీ ఎక్కడివక్కడ బిగించి
ముప్పై అంకెలు లెక్కబెట్టా, హారన్లతో కలిపి.
ఈసారి ముందు బయటిది.
దాని బొత్తాం పక్కన పసుపు దీపం వెలిగేదాకా ఆగి
తర్వాత నాది,
చిట్టచివర పెట్టె.

రెండు చోట్లా ఒకేసారి తెల్లారింది.
42360 అటు,
42360 ఇటు.

స్విచ్చిల మీద మార్కరుతో
ఒకటి, రెండు, మూడు రాస్తన్నా.
చీటీ కోసం జిలానీ కిందికి దూకాడు.
రెండు తెరల్లోనూ అంకె జారి
42280 దగ్గర నిలబడింది.

‘ఎనభై కేజీలున్నావన్నా.’
‘డెబ్బయ్యే’ అన్నాడు,
తెర వంక చూస్తానే,
‘నీ కాటా తప్పు.’